క్లోమం కుళ్లిందంటున్నారు, మరి వెంటనే ఆపరేషన్ ఎందుకు చేయరు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. హనుమకొండలో మీ తమ్ముడు, 34 ఏళ్లవాడు, పాంక్రియాస్ (క్లోమం) వాపుతో 12 రోజులుగా ఐసీయూలో ఉన్నాడు. తాగే అలవాటుంది. సీటీ స్కాన్‌లో గ్రంథి సగానికి పైగా చచ్చిపోయిందని, చుట్టూ నీరు చేరిందని రాశారు. రెండు రోజులుగా జ్వరం మళ్లీ మొదలైంది. సర్జన్ మాత్రం ఇప్పుడే కోయం, ఆగాలి అంటున్నారు. చుట్టాలేమో కుళ్లింది కోసి తీసేస్తే పోదా, హైదరాబాద్ తీసుకుపోండి అని ఒకటే పోరు. ఆగడం సరైనదేనా, ఆపరేషన్ అంటే అసలు ఏం చేస్తారు అన్నది మీ సందేహం.

ఆగుదామన్న సర్జన్ మాట వినండి. ఈ జబ్బులో కత్తి ఎంత ఆలస్యంగా, ఎంత తక్కువగా పెడితే రోగి బతికే అవకాశం అంత ఎక్కువ. అయితే ఆగడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడమని అర్థం కాదు. ఆ ఆగే రోజుల్లో ఏం జరుగుతోందో చూడాలి. అది సరిగా జరగకపోతే ఆ తర్వాత ఎంత గొప్ప సర్జన్ వచ్చినా చేయగలిగింది తక్కువ.

పుండు మీద చెక్కు కట్టడం అందరూ చూసిందే. పచ్చిగా ఉన్నప్పుడు పీకితే రక్తం కారుతుంది, కింద ఉన్న మంచి తోలు కూడా లేచి వస్తుంది. ఎండితే దానంతటదే ఊడిపోతుంది. పాంక్రియాస్‌లో చచ్చిన భాగం కూడా అంతే. మొదటి రెండు మూడు వారాల్లో ఏది చచ్చిందో, ఏది బతికుందో చేతికి, కంటికి తెలియదు. మధ్యలో గీత ఉండదు. ఆ సమయంలో పొట్ట తెరిచి వేళ్లతో తీయబోతే ప్లీహానికి పోయే రక్తనాళాలు తెగుతాయి, ఇన్సులిన్ తయారుచేసే మంచి కణజాలమూ వెంట వస్తుంది. పైగా అప్పటికే ఊపిరితిత్తులు, కిడ్నీలు తడబడుతున్న మనిషికి పెద్ద ఆపరేషన్ ఇంకో దెబ్బ. 1997లో మెక్సికో సర్జన్లు దీన్ని సూటిగా పరీక్షించారు. మొదటి 48 నుంచి 72 గంటల్లో కోసినవారిలో సగానికి పైగా చనిపోయారు. కనీసం 12 రోజులు ఆగి కోసినవారిలో ఆ సంఖ్య దాదాపు నాలుగో వంతు. ఆ తేడా చూసి అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు.

సాధారణంగా నాలుగు వారాలకు చచ్చిన ముద్ద చుట్టూ గట్టి గోడ కడుతుంది. లోపలి పదార్థం కొంత ద్రవంగా, కొంత తడిసిన పత్తి ఉండల్లా విడివడుతుంది. సర్జన్ ఎదురుచూసేది ఆ గోడ కోసమే.

ఇక జబ్బు ఎంత తీవ్రమన్నది నొప్పిని బట్టిగానీ, రక్తపరీక్షలో వచ్చే క్లోమపు ఎంజైములు అమైలేజ్, లైపేజ్ అంకెలను బట్టిగానీ నిర్ణయించరు. లైపేజ్ 3000 ఉన్నవాడు అయిదో రోజు ఇంటికి పోవచ్చు, 600 ఉన్నవాడు వెంటిలేటర్ మీదికి పోవచ్చు. ఈ జబ్బు తీవ్రతను విభజించే, 2012లో సవరించిన అట్లాంటా వర్గీకరణ ప్రకారం ఊపిరితిత్తులు, కిడ్నీలు, రక్తప్రసరణలో ఏదో ఒకటి 48 గంటలు దాటినా కోలుకోకపోతేనే తీవ్రమైనది అంటారు. అందుకే డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్న లైపేజ్ ఎంతుంది అని కాదు. ఆక్సిజన్ ఎంత పెడుతున్నారు, క్రియాటినిన్ ఎంత, గంటకు మూత్రం ఎంత వస్తోంది, బీపీకి మందు నడుస్తోందా అని అడగండి. సీటీ కూడా మొదటి రోజే తీస్తే చచ్చిన భాగం సరిగా కనబడదు. 72 గంటలు దాటాక, కిడ్నీలు ఒప్పుకుంటే రంగు మందు ఎక్కించి తీసిందే లెక్క.

సెలైన్ విషయంలో పాత పద్ధతి మారింది. ఒకప్పుడు ఎంత ఎక్కువ ఎక్కిస్తే అంత మంచిదనుకునేవాళ్లు. 2022లో వచ్చిన వాటర్‌ఫాల్ అధ్యయనంలో ధారాళంగా ఎక్కించినవారిలో నూటికి 20 మందికి ఒంట్లో నీరు మితిమీరింది, మితంగా ఎక్కించినవారిలో ఆరుగురికే. జబ్బు తీవ్రతలో లాభమేమీ కనబడలేదు. ఇప్పుడు రింగర్ లాక్టేట్ అనే సెలైన్ గంటకు కిలో బరువుకు 1.5 మి.లీ. చొప్పున మొదలుపెట్టి, మూత్రం చూసి సర్దుతారు. 60 కిలోల మనిషికి అది గంటకు 90 మి.లీ. ఒంట్లో నీరు బాగా తగ్గి ఉంటే ముందుగా కిలోకు 10 మి.లీ. త్వరగా ఎక్కిస్తారు, దాన్నే బోలస్ అంటారు.

తిండి ఆపి ఉంచడం పెద్ద పొరపాటు. పేగుకు తిండి అందకపోతే దాని గోడ పలచబడి, లోపలి క్రిములు రక్తంలోకి దిగుతాయి, చచ్చిన క్లోమాన్ని పట్టేది చాలావరకు ఆ క్రిములే. నోటితో తినగలిగితే తినిపించాలి, మూడు నాలుగు రోజుల్లో కుదరకపోతే ముక్కు గొట్టం ద్వారా ఇవ్వాలి. 60 కిలోల మనిషికి రోజుకు 1500 నుంచి 1800 క్యాలరీలు, 70 నుంచి 90 గ్రాముల ప్రొటీన్ కావాలి. గ్లూకోజు నీళ్లు, పలచటి జావ ఆ లెక్కకు ఎక్కడా సరిపోవు. ఇంకో మాట. బలమని కొబ్బరినీళ్లు తెచ్చి గొట్టంలో పోయమని బతిమాలే చుట్టాలు ప్రతి ఐసీయూ బయటా ఉంటారు. కిడ్నీలు పని చేయని మనిషికి అందులోని పొటాషియం గుండెను ఆపగలదు.

మీ తమ్ముడు కల్లు తాగేవాడా? తాగితే దాచకుండా చెప్పండి. మన ఉత్తర తెలంగాణలో కొన్నిచోట్ల కల్లులో ఆల్ప్రజోలం, డైజిపాం లాంటివి కలుపుతారని అందరికీ తెలుసు. ఒక్కసారిగా మానేసిన రెండు మూడు రోజులకు వణుకు, పిచ్చి మాటలు, ఫిట్స్, గుండెదడ మొదలవుతాయి. సంగతి తెలియని డాక్టర్ వాటిని ఇన్ఫెక్షన్ ముదిరిన లక్షణాలనుకుని మందులు మార్చే ప్రమాదముంది.

ఇప్పుడు రెండో వారపు జ్వరం. మొదటి వారంలో జ్వరం చాలావరకు వాపు వల్లే వస్తుంది, దానికి ముందుజాగ్రత్త యాంటీబయాటిక్స్ ఇవ్వడం వల్ల ఫలితం లేదు. ఇస్తే మొండి క్రిములు, ఫంగస్ పెరుగుతాయి. కానీ రెండో వారంలో, ఆ తర్వాత, ఒకసారి కుదుటపడ్డ మనిషికి జ్వరం తిరగబెట్టి తెల్లకణాలు, ఇన్ఫెక్షన్‌ను సూచించే ప్రొకాల్సిటోనిన్ పెరిగితే చచ్చిన భాగానికి చీము పట్టిందేమో చూడాలి. అంతకుముందు మెడలో, చేతిలో ఉన్న సూది గొట్టాలు, మూత్రపు గొట్టం, ఊపిరితిత్తులు వెతకాలి, చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. సీటీలో ఆ ముద్ద మధ్య గాలి బుడగలు కనిపిస్తే చీము పట్టినట్టే, లేదా పక్కనున్న పేగుకు చిల్లు పడి ఉండాలి. ఇంతకుముందు సూదితో తీసి పరీక్షించేవారు, ఇప్పుడు ఆ అలవాటు తగ్గింది.

చీము పట్టినా వెంటనే పరుగెత్తాల్సిన పని లేదు. 2021లో నెదర్లాండ్స్ సర్జన్ల పాయింటర్ అధ్యయనం ఇదే అడిగింది. ఇన్ఫెక్షన్ తేలగానే డ్రైన్, అంటే చీము బయటికి తీసే గొట్టం వేయాలా, మెరోపెనెం లాంటి యాంటీబయాటిక్ మందులిస్తూ గోడ కట్టేదాకా ఆగాలా? తొందరపడ్డవారికి అదనపు లాభం దక్కలేదు. ఆగినవారిలో నూటికి 39 మందికి డ్రైన్ అసలే అవసరం పడలేదు, మందులతోనే సరిపోయింది. మీ సర్జన్ లెక్క బహుశా ఇదే. అయితే మందులు నడుస్తుండగానే బీపీ జారుతూ, ఊపిరి కష్టమవుతూ ఉంటే నాలుగు వారాలని మొండికేయకూడదు. అప్పుడు 15వ రోజైనా డ్రైన్ వేస్తారు. ఆగేది కత్తి విషయంలో, డ్రైన్ విషయంలో అంత పట్టుదల అక్కర్లేదు.

ఆ డ్రైన్ గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే మొత్తం వైద్యం దాని మీదే నిలబడి ఉంటుంది, మన దగ్గర ఎక్కువ పాడయ్యేదీ అదే. 2010లో వచ్చిన పాంటర్ అధ్యయనం ముందు డ్రైన్, అది చాలకపోతేనే చిన్న కోత అంటూ మెట్టు మెట్టుగా పోయే పద్ధతిని నేరుగా పొట్ట తెరిచే పద్ధతితో పోల్చింది. మరణం లేదా పెద్ద సమస్యలు మెట్ల పద్ధతిలో నూటికి 40 మందికి, తెరిచిన పద్ధతిలో 69 మందికి. మరణాలు మాత్రం రెండింట్లో దాదాపు సమానం, అది దాచాల్సిన పని లేదు. తేడా మిగతా జీవితంలో కనబడుతుంది. కొత్తగా షుగర్ వచ్చింది 16 మందికి, రెండో పద్ధతిలో 38 మందికి. అన్నిటికంటే ముఖ్యమైనది, మెట్ల పద్ధతిలో నూటికి 35 మందికి డ్రైన్ ఒక్కటే చాలింది.

డ్రైన్ వేసే దారి ముఖ్యం. ఎడమ పక్కటెముకల కింద, వెనుక వైపు నుంచి, ప్లీహానికీ ఎడమ కిడ్నీకీ పెద్దపేగుకూ మధ్యనున్న సందులోంచి సీటీ లేదా అల్ట్రాసౌండ్ చూస్తూ దించాలి. ఇలా పోతే పొట్టలోని పేగుల మధ్యకు చీము పాకదు. రేపు ఆపరేషన్ చేయాల్సి వస్తే సర్జన్ ఆ గొట్టాన్నే దారి చూపే తాడులా పట్టుకుని లోపలికి పోతాడు. సులువని పొట్ట ముందునుంచి వేస్తే చీము వస్తుంది కానీ తర్వాతి దారి మూసుకుపోతుంది. అందుకే డ్రైన్ వేసే రేడియాలజిస్ట్, సర్జన్ ముందే కలిసి స్కాన్ చూసుకోవాలి.

సైజు 12 నుంచి 14 ఫ్రెంచ్‌తో (గొట్టం లావు కొలత) మొదలు. అంతకన్నా సన్నని గొట్టం నీటికి సరిపోతుంది, ఈ ముద్దలకు సరిపోదు, ఒక్క రోజులో మూసుకుంటుంది. మొదటి చీమును ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకు పంపాలి, ఫంగస్ కూడా చూడమని రాయాలి. ఆ తర్వాత ఎనిమిది గంటలకోసారి 50 మి.లీ. సెలైన్‌తో కడగడం పాంటర్‌లోని పద్ధతి. పంపినంత తిరిగి వస్తోందా అని లెక్క రాయాలి. 50 పంపితే 10 వస్తే గొట్టం మూసుకుంటోంది లేదా కదిలింది. బలవంతంగా నెట్టకూడదు, నెడితే క్రిములు రక్తంలోకి పోయి అరగంటలో చలి జ్వరం వస్తుంది. సంచిలోకి వచ్చేది 300 మి.లీ. నుంచి ఒక్కసారిగా 20కి పడిపోయి జ్వరం తగ్గకపోతే, అది నయమైందని సంబరపడాల్సిన సంగతి కాదు, గొట్టం అడ్డుపడింది. రోగిని పక్కకు తిప్పేటప్పుడు గొట్టం మడత పడటం, కుట్టు ఊడి రెండంగుళాలు బయటికి రావడం రోజూ జరిగేవే. తోలు దగ్గర గొట్టం మీద మార్కర్‌తో గీత పెట్టమనండి, కదిలితే వెంటనే తెలుస్తుంది.

72 గంటలకు జ్వరం, తెల్లకణాలు, కిడ్నీ ఆక్సిజన్ అంకెలు మెరుగవ్వాలి. కాకపోతే మళ్లీ సీటీ తీసి గొట్టం మార్చడం, 20, 24 ఫ్రెంచ్ దాకా లావు చేయడం, ఇంకోటి వేయడం చేస్తారు. అప్పటికీ కాకపోతే తర్వాతి మెట్టు.

అది రెండు దారుల్లో ఉంటుంది. ముద్ద కడుపు (జీర్ణాశయం) వెనకాలే, కడుపు గోడకు ఒక సెంటీమీటరు లోపు ఆనుకుని ఉంటే నోటి దారి మేలు. ఎండోస్కోపీ అల్ట్రాసౌండ్ చూస్తూ కడుపు గోడకు రంధ్రం చేసి, దారపు రీలులాంటి మెటల్ గొట్టం (స్టెంట్) పెడతారు. చీము కడుపులోకి కారిపోతుంది. చాలనప్పుడు అదే స్టెంట్ లోంచి కెమెరా పోనిచ్చి ముద్దలను వలలతో లాగుతారు, రెండు మూడు నుంచి అయిదారు సార్లు కూడా పడుతుంది. లోపల ఉబ్బించడానికి గాలికి బదులు కార్బన్ డయాక్సైడ్ వాడాలి, గాలి రక్తనాళంలోకి పోతే ప్రాణాంతకం. మెటల్ స్టెంట్‌ను మూడు నాలుగు వారాల్లో తీసేయాలి. ముద్ద కుంచించుకుపోయాక స్టెంట్ అంచు రక్తనాళాన్ని ఒరుసుకుని కోస్తుంది. బాగైందని ఊరికి పోయి తారీఖు మరిచినవాళ్లకే ఇది ఎక్కువగా జరుగుతుంది. 2018 నాటి టెన్షన్ అధ్యయనంలో ఈ దారికీ ఆపరేషన్ దారికీ మరణాల్లో తేడా లేదు, కానీ క్లోమరసం తోలు మీదికి కారే ఫిస్టులా ఎండోస్కోపీలో నూటికి 5, ఆపరేషన్‌లో 32.

ముద్ద ఎడమ పక్కగా కిందికి, కిడ్నీ వెనక్కి జారితే నోటి దారి అందదు. అప్పుడు డ్రైన్ పక్కనే 5 సెంటీమీటర్ల కోత పెట్టి, గొట్టం వెంబడి లోపలికి పోయి, కెమెరా పెట్టి ముద్దలు తీస్తారు. సర్జన్లు దీన్ని వీఏఆర్‌డీ అంటారు. రోగిని ఎడమ పక్క 30 డిగ్రీలు లేపి పడుకోబెడతారు. ఇక్కడ ఒకటే నియమం: లాగితే వచ్చింది తీయాలి, రానిది వదిలేయాలి. అంతా శుభ్రం చేయాలన్న ఉబలాటమే రక్తస్రావానికి మూలం. చివర రెండు లావు డ్రైన్లు వదిలి, రోజుల తరబడి సెలైన్ ధారగా పోస్తూ కడుగుతారు. మిగిలిన ముక్కలు ఆ ధారలో వచ్చేస్తాయి.

పొట్ట మొత్తం తెరిచే పాత ఆపరేషన్ పూర్తిగా పోలేదు, వరసలో వెనక్కి పోయింది. పిత్తాశయంలో రాళ్లుండి, నాలుగు వారాలు దాటిన ముద్ద కడుపు వెనకే ఉంటే లాప్రోస్కోపీలో కడుపు ముందు గోడ తెరిచి, వెనక గోడకు స్టేప్లర్‌తో దారి చేసి ముద్ద తీసి, అదే మత్తులో పిత్తాశయమూ తీసేయడం ఒకే దఫాలో ముగిసే మంచి పద్ధతి. అనుభవమున్న చోట నాకు అదే మేలనిపిస్తుంది.

తొందరగా కోయక తప్పని సందర్భాలు మూడే. పేగు చచ్చిపోవడం లేదా చిల్లు పడటం, అందులోనూ ప్లీహం దగ్గరి పెద్దపేగు మలుపు. తీగ చుట్టలతో రక్తనాళం మూయడానికి లొంగని రక్తస్రావం. మూడోది పొట్ట లోపలి ఒత్తిడి. మూత్రపు గొట్టంలో 25 మి.లీ. సెలైన్ పోసి కొలిస్తే అది 20 మి.మీ. పాదరసం దాటి, కొత్తగా ఏదో అవయవం దెబ్బతింటే ముందు ముక్కు గొట్టంతో కడుపు ఖాళీ చేయడం, మత్తు పెంచడం, పొట్టలోని నీరు పైపుతో తీయడం చేస్తారు. అప్పటికీ దిగకపోతే పొట్ట తెరిచి వదులుతారు. ఆ తెరిచినప్పుడు ఎలాగూ తెరిచాం కదా అని క్లోమం జోలికి పోకూడదు. క్రిమి లేని ముద్దకు క్రిమిని అంటించినట్టవుతుంది.

డ్రైన్‌లో ఎర్రటి రక్తం కొద్దిగా కనబడి ఆగిపోయినా తేలిగ్గా తీసుకోవద్దు. క్లోమరసం ప్లీహపు ధమని గోడను తినేసి బుడగ కడుతుంది, పగలబోయే ముందు ఇలా హెచ్చరిస్తుంది. నర్సు డ్రైన్ మూసి డాక్టర్‌ను పిలవాలి, ఆ వెంటనే రక్తనాళాలు చూపే సీటీ యాంజియో, తర్వాత ఆ నాళం మూయడానికి తీగ చుట్టలు. ఈ పని రాత్రి రెండింటికైనా చేయగల యాంజియో గది ఆ ఆసుపత్రిలో ఉందా అన్నది, హైదరాబాద్‌కు పోవాలా వద్దా అన్న మీ ప్రశ్నకు అసలు కొలబద్ద. ఎండోస్కోపీలో స్టెంట్ వేసేవారు, వెనక దారి ఆపరేషన్ తెలిసిన సర్జన్, డయాలిసిస్ ఉన్న ఐసీయూ కూడా ఒకే కప్పు కింద ఉండాలి. వరంగల్‌లో అవన్నీ దొరికితే 145 కిలోమీటర్లు మోసుకుపోవాల్సిన పని లేదు. లేకపోతే మనిషి కుదురుగా ఉన్నప్పుడే తీసుకుపోండి. బీపీ మందు డోసు పెరుగుతున్న పూట దారి పట్టడం కన్నా ఒక రోజు ముందు పోవడం మేలు. నిమ్స్, ఉస్మానియా, గాంధీలో సర్జికల్ గ్యాస్ట్రో విభాగాలున్నాయి. పోయే ముందు ఫోన్ చేసి బెడ్ ఉందో లేదో తేల్చుకోండి. సీటీ రిపోర్టు కాగితం చాలదు, బొమ్మలున్న సీడీ కావాలి. కల్చర్ రిపోర్టులు, ఏ యాంటీబయాటిక్ ఏ తారీఖున మొదలైందో రాసిన చీటీ వెంట పెట్టుకోండి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. చేర్చే రోజే ఆరోగ్యమిత్ర దగ్గర కార్డు చూపించి, ఏ ప్యాకేజీ కింద రాస్తున్నారో అడగండి.

రాళ్ల వల్ల వచ్చిందైతే, పైన చెప్పినట్టు ముద్దతో పాటే తీస్తే తప్ప, పిత్తాశయం ఈ విడతలో తీయరు. నీటి ముద్దలు కరిగేదాకా, అంటే ఆరు వారాలకు అటూ ఇటుగా ఆగుతారు. పసుపు కామెర్లు, చలి జ్వరంతో పిత్తనాళంలో చీము పడితే మాత్రం ఈఆర్‌సీపీ, అంటే నోటి ద్వారా ఎండోస్కోపీతో పిత్తనాళం తెరవడం, 24 గంటల్లో చేయాలి. మీ తమ్ముడిది తాగుడు వల్లనే అనుకున్నా ఒకసారి అల్ట్రాసౌండ్‌లో రాళ్లు, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు చూశారో లేదో అడగండి. అవి 1000 దాటితే అదే కారణం కావచ్చు, తిండి ఆపినకొద్దీ పడిపోతాయి కాబట్టి చేర్చిన రోజు రక్తంలో చూసిందే నమ్మకం.

ఇంటికి డ్రైన్‌తోనే పంపొచ్చు, భయపడకండి. వచ్చే ద్రవంలో అమైలేజ్ ఎక్కువుంటే క్లోమనాళం కారుతున్నట్టు, అది చాలామందిలో వారాల నుంచి నెలల్లో దానంతటదే మూసుకుంటుంది. రోజూ ఎంత వచ్చిందో నోటుబుక్కులో రాయండి. 10 మి.లీ. లోపు పడి, స్కాన్‌లో ముద్ద లేకపోతేనే తీస్తారు, అదీ కొంతమందికి మెల్లగా వెనక్కి లాగుతూ. మలం జిడ్డుగా నీటి మీద తేలుతుంటే క్లోమపు ఎంజైములు తక్కువైనట్టు, భోజనంలో తొలి ముద్దతోనే ఎంజైము మాత్ర వేయాలి, తిన్నాక వేస్తే సగం వృథా. షుగర్ మొదటి ఏడాది మూడు నెలలకోసారి చూపించుకోవాలి. డ్రైన్ తీసేశాక వారం పది రోజుల్లో మళ్లీ జ్వరం వచ్చినా, మలం నల్లగా తారులా వచ్చినా, కడుపు నిండినట్టుండి తిన్నదంతా వాంతి అవుతున్నా, చెకప్ తారీఖు కోసం చూడకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకుపోండి.